దమ్ము సాలుతలేదు

పొద్దుగాల నుంచి ఇది పదకొండోపాలి.
వైరు గుచ్చుడు, పీకుడు, మళ్ల గుచ్చుడు.
నల్లటి హార్డ్ డిస్క్ మీద నీలం దీపం
ఒక్కసారి కన్నుగీటి ఊకుంటది.
చెవి ఆనిస్తే లోపట
టిక్కు... టిక్కు... టిక్కు...
బయట గొళ్లెం పడ్డ అర్రల
ఎవరో మెల్లగ తలుపు కొడుతున్నట్టు.

కాజీపేట ఫాతిమానగర్‌ల మా స్టూడియో.
షట్టర్ మీద రెండు పేర్లుండె.
రెండో పేరు మీద పెయింటు కొట్టిచ్చిన గానీ
వాన కొట్టినప్పుడల్ల తడిల నుంచి
"సదయ్య" అని తేలుతది.

నాకు తెలిసిన విద్యలన్నీ అయినయ్.
ఎడమ పక్క గుచ్చిన, కుడి పక్క గుచ్చిన,
చార్జింగు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి.
బంద్ చేసి మళ్ల చాలు చేసిన.
బనీనుతోని పిన్ను తుడిచి నోటితో ఊదిన,
క్యాసెట్ల కాలపు అలవాటు, పోదు.
ఒక్కపాలి మాత్రం తెర మీద మాట లేచింది:
"ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా?"
అవును అనే గడి మీదనే బాణం నిలవడ్డది.
పక్కింటోడు నవ్వుకుంట, మర్యాదగ
"మీ ఇల్లు కూల్చిపెట్టాల్నా" అని అడిగినట్టు.
చెయ్యి గుంజుకొని వైరు పీకేసిన.

కొంరెల్లి కాక స్టూలు మీద కూసోని చూస్తున్నడు.
ముప్పై నాలుగేండ్లు గూడ్సు బండ్లు నడిపినోడు.
ఆయన ఆఖరి ట్రిప్పు వీడియో దీంట్లనే ఉన్నది,
ఇంజన్ ముక్కుకు బంతిపూల దండ,
డోర్నకల్ దాక ఆగని కూత.
"దీనికి కరెంటు యాడికెళ్లి వస్తది?" అన్నడు.
"లాప్‌టాప్‌కెళ్లే, గీ వైరులనే."
"మరింక అంతే పిలగా.
దమ్ము సాలుతలేదు దానికి.
లేద్దామనుకుంటది, లేవలేక కూలబడుతది.
ఎత్తెక్కలేని బండికి మేం
ఎనుక ఇంకో ఇంజన్ కట్టి నెట్టిస్తుంటిమి.
బండిల తప్పు లేదు, పట్టాల తప్పు లేదు."

నాకు తెల్వక కాదు.
సొంత కరెంటు తీసుకునే హబ్బు ఒకటుండె.
నడుమ అది ఉంటే ఈ డిస్కు ఎన్నడన్న మొరాయించిందా?
పంచుకున్నప్పుడు కెమెరా నాకొచ్చింది.
లైట్లు, గొడుగులు, ఆ హబ్బు
సదయ్య పాలికి పోయినయ్.
రెండు దుకాణాల అవతలనే ఉంటడు.
మాటల్లేవు. వచ్చే దసరాకు రెండేండ్లు.

చాయ్ పోరడు అన్వర్‌ను పిలిచిన.
"హబ్బు కావాల్నట అని చెప్పు."
"ఎవరికి అంటే?"
"కొంరెల్లి కాకకు."
హబ్బు తెచ్చిండు, దాని అడాప్టరు తెచ్చిండు,
నేను అడగని మూరెడు వైరు కూడ తెచ్చిండు.
"ఆ డిస్కుకు గీ వైరే పడుతది, చెప్పు" అన్నడట.
ఎవరికి చెప్పుమన్నడో చెప్పలేదట.

గోడకు అడాప్టరు, అడాప్టరుకు హబ్బు,
హబ్బుకు డిస్కు, హబ్బు నుంచి లాప్‌టాప్‌కు ఇంకో తీగ.
టిక్కు ఆగింది.
లోపట చక్రం అందుకున్న సన్నటి సప్పుడు.
పేర్లు, తారీఖులు ఒక్కొక్కటే లేచి కూసున్నయ్.

కాక కిటికీలకెళ్లి పచ్చజెండా ఊపుతున్నడు.
కెమెరా ఎనుక నుంచి ఒక గొంతు:
"సాంబన్నా, ఫోకస్ చూస్కో, ఎండ కొడుతున్నది."
స్టూలు మీది కాక నా దిక్కు చూడలేదు.
సల్లారిపోయిన చాయ్‌ని ఊదుకున్నడు.

కాపీకి పెట్టిన.
మూడు గంటలన్నది. నలభై నిమిషాలన్నది.
మళ్ల ఏడు గంటలన్నది.

నాలుగింటికి అన్వర్ వచ్చిండు.
"హబ్బుతోని పని అయిందా అని అడుగుమన్నడు."
కాపీ అయ్యి అప్పటికే చానసేపైంది.
"కాలేదను. ఇంకా ఏడు గంటలట" అన్న.
వాడు పోయిన కాలు మీదనే మర్లొచ్చిండు.
"తొందరేం లేదట.
ఇయ్యాల దుకాణం పదకొండు దాక
తెరిచే ఉంచుతడట."